ఒంటి చెయ్యి కుర్చీ

“దొంగ అని ముద్ర వేసే ముందు ఒక్క మాట అడగొచ్చు కదండీ?”

ఆ మెసేజ్ వచ్చినప్పుడు ఆమె బాబాయి కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ వెనక కూర్చుని, ఎవరిదో ఫ్రేముకి ఊడిన బుల్లి స్క్రూ బిగిస్తోంది. బయట వాన. అద్దాల తలుపు మీద నీళ్ళు జారుతుంటే వీధిలోని రంగులన్నీ ఒకదానిలోకి ఒకటి పాకిపోతున్నాయి. ఇలాంటి మధ్యాహ్నాల్లో షాపుకి మనుషులు రారు. కలలు మాత్రం గొడుగు కూడా లేకుండా వచ్చేస్తాయి.

మెసేజ్ పంపిన మనిషి పేరు ‘పిట్టగోడ’.

ఆమెకి ఒళ్ళు మండింది. చేసేదంతా చేసి, పైగా నిలదీయడం కూడానా!

సంగతి ఏమిటంటే, ‘కాన్వాస్ కబుర్లు’ అని ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు ఉంది. బొమ్మలు వేసేవాళ్ళూ, వేయడం చేతకాక చూసి మురిసిపోయేవాళ్ళూ అక్కడ చేరతారు. ఆమె రెండో రకం. ఆమె పిల్లిని గీస్తే ఇంట్లోవాళ్ళు దిండు అనుకునేవారు. కానీ కన్ను మాత్రం మహా చురుకు. ఒకరి బొమ్మని ఇంకొకరు ఎత్తుకొచ్చి, మూలనున్న సంతకం కత్తిరించి, తమదిగా పెట్టుకుంటే చాలు, ఇట్టే పట్టేసి రిపోర్ట్ కొట్టేది. అందుకే గ్రూపులో అందరూ ఆమెని ‘భూతద్దం’ అని పిలిచేవారు. ఆ పేరంటే ఆమెకి లోలోపల కాస్త గర్వం కూడాను.

ఈసారి గొడవ ఒక కుర్చీ బొమ్మ గురించి. వానలో తడుస్తున్న డాబా, వెనక బూడిదరంగు ఆకాశం, మధ్యలో ఒంటరిగా ఒక పాత కుర్చీ. దానికి ఒక చెయ్యే ఉంది, రెండోది విరిగిపోయింది. ఎవరి కోసమో ఎదురుచూస్తూ తడుస్తున్నట్టుంటుంది. ‘స్వర్ణకుంచె’ అనే ఆయన ఆ బొమ్మ పెట్టినప్పటి నుంచీ ఆమెకి అదే లోకం. దాన్నే ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. చూసినప్పుడల్లా లోపల ఏదో మెత్తగా కదిలేది, ఎందుకో తెలిసేది కాదు.

కొన్ని వారాల తర్వాత అదే కుర్చీని ఈ పిట్టగోడ పెట్టాడు. చూసీ చూడగానే ‘ఇది దొంగ బొమ్మ’ అని అందరి ముందూ రాసి, రిపోర్ట్ కొట్టింది. గ్రూపు నడిపే డ్రాయింగ్ మేడమ్, అతను కొత్త బొమ్మలు పెట్టకుండా అకౌంటుకి తాళం వేసేశారు. ఆదివారం లోపు ఆ బొమ్మ తనదేనని నిరూపించుకోకపోతే అతను ఇన్నేళ్ళుగా పెట్టిన బొమ్మలన్నీ తీసేస్తారు. అక్కడి రూలు అది.

“అడగడానికి ఏముందండీ? స్వర్ణకుంచె గారు ముందు పెట్టారు. మీరు తర్వాత పెట్టారు” అని టైప్ చేసింది.

“ముందు పెట్టినవాడిదే బొమ్మ అయితే, క్యూలో ముందు నిలబడ్డవాడిదే సినిమా హాలు అవ్వాలి.”

ఆమెకి నవ్వొచ్చింది. దొంగల జోకులకి నవ్వకూడదని పెదవి కొరుక్కుంది.

“రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశారా?” అని అడిగాడు.

“చూశాను. రెండూ ఒకటే.”

“ఒకటి కాదు. ఆయనది తిరగేసి ఉంది. నా కుర్చీకి కుడి చెయ్యి లేదు. ఆయన కుర్చీకి ఎడమ చెయ్యి లేదు. కంప్యూటర్‌కి దొరక్కుండా అలా తిప్పేస్తారు. భూతద్దం గారికి ఆమాత్రం కనపడలేదా?”

ఆమె గబగబా రెండూ తెరిచి చూసింది. నిజమే. నీళ్ళ ట్యాంకు ఒకదానిలో ఇటుంటే ఇంకోదానిలో అటుంది. నాలుక కరుచుకుంది.

ఇలాంటి పప్పులో కాలు ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే వేయగలదు. ఎందుకంటే బాబాయి షాపులో కళ్ళు పరీక్షించే గది అగ్గిపెట్టంత ఉంటుంది. అక్షరాల బోర్డు ఎదురుగా పెడితే మరీ ముక్కు మీదకి వచ్చేస్తుంది. అందుకని బాబాయి బోర్డుని కస్టమర్ తల వెనక వేలాడదీసి, ఎదుటి గోడకి అద్దం బిగించాడు. కస్టమర్ అద్దంలో చూసి చదవాలి. అద్దంలో సరిగ్గా కనపడాలంటే బోర్డు మీద అక్షరాలన్నీ తిరగేసి ఉండాలి కదా. పొద్దస్తమానం ఆ తిరగేసిన అక్షరాలకి కర్ర ఆనించి “ఇదేంటి, ఇదేంటి” అని అడిగీ అడిగీ, ఆమె కళ్ళకి తిన్నగా ఉన్నదీ తిరగేసినదీ ఒక్కలాగే అలవాటైపోయాయి.

అయినా అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా!

“తిరగేశారు, సరే. ఆయన బొమ్మని మీరే తిరగేసి ఉండొచ్చు కదా?”

అవతల చాలాసేపు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

“ఉండొచ్చు. మేడమ్ కూడా అదే అన్నారు. కానీ ఆ కుర్చీ నిజంగా ఉందండీ. చూసి గీశాను.”

“ఎక్కడుంది?”

“ఎవరి డాబా మీదో. ఎవరిదో నాకు తెలీదు.”

“అయితే అసలు కాగితం చూపించండి. గొడవ వదిలిపోతుంది.”

“లేదు. లిఫ్ట్‌లోంచి ఎవరో పీక్కెళ్ళారు.”

“లిఫ్ట్‌లోంచా?”

“నేను లిఫ్ట్ మెకానిక్‌ని. లిఫ్ట్ ఎక్కినవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? పక్కవాళ్ళ మొహం చూడాలంటే మొహమాటం. అందరూ అంకెల వంకే చూస్తుంటారు, పాపం. అందుకని రిపేర్ అయ్యాక లోపల ఒక చిన్న బొమ్మ అంటించి వస్తాను. ముందు వాళ్ళు చూడాలి. వాళ్ళకి మొహం మొత్తాక గ్రూపులో పెడతాను. ఆలస్యం అందుకే.”

ఆమె ఆ మెసేజ్ మళ్ళీ చదివింది. అబద్ధం చెప్పేవాడు ఇంత వింత అబద్ధం చెబుతాడా?

“ఏంటమ్మడూ, ఫోన్‌తో పోట్లాడుతున్నావా?” అన్నాడు బాబాయి లోపలి గదిలోంచి తొంగిచూసి.

“ఒక దొంగతో, బాబాయ్.”

“దొంగ అయితే ఆ నవ్వేంటి?”

ఆమె గబుక్కున నవ్వు దాచుకుని స్క్రూ మీద పడింది. స్క్రూ కాస్తా చేతిలోంచి జారి కౌంటర్ కిందకి దొర్లిపోయింది.

మర్నాడు షాపుకి సెలవు. మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. అమ్మ డాబా మీద దుప్పట్లు ఆరేసి రమ్మంటే ఆరేసి, మళ్ళీ చినుకులు మొదలవడంతో వాటిని తీసి మెట్ల దగ్గర పడేసి, ఎప్పటిలాగే తన కుర్చీలో కూలబడింది. చిన్న చినుకులంటే ఆమెకి లెక్కలేదు.

అది షాపులోని పాత కుర్చీ. కళ్ళ పరీక్షకి వచ్చేవాళ్ళని కూర్చోబెట్టేది. ఒకసారి బాబాయి దాని చేతి మీద నిలబడి ట్యూబ్‌లైటు మార్చబోతే చెయ్యి ఫెళ్ళున విరిగింది. బాబాయి బతికి బయటపడ్డాడు గానీ కుర్చీకి డాబా మీదకి ట్రాన్స్‌ఫర్ అయిపోయింది.

ఆమె వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఎడమ మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనింది. కుడి మోచెయ్యి అలవాటు చొప్పున ఆసరా కోసం చూసి, గాల్లో ఊగి, ఒళ్ళోకి జారిపోయింది.

ఆమె చటుక్కున కళ్ళు తెరిచింది.

కుడి చెయ్యి లేదు. ఈ పక్కన ట్యాంకు. ఆ పక్కన మెట్ల తలుపు. తడిసి ముదురు రంగుకి తిరిగిన రెక్సిన్.

ఇన్నాళ్ళూ వాల్‌పేపర్‌గా పెట్టుకుని ముద్దు చేసింది తన కుర్చీనే! తెలియకపోవడం ఆమె తప్పు కాదు. తన ఇంటిని పైనుంచి చూసే అదృష్టం పిట్టలకి తప్ప ఎవరికుంటుంది?

తలెత్తి చూసింది. వెనక వీధిలో ఎత్తయిన భవనం, దాని నెత్తిన ఒక చిన్న గది, ఆ గదికి ఒక కిటికీ. చినుకుల్లో అది కలలో కిటికీలా మసగ్గా ఉంది.

ఫోన్ తీసింది. “ఇప్పుడెక్కడున్నారు?”

“డ్యూటీలో. ఆ బొమ్మ గీసిన భవనంలోనే. లిఫ్ట్ అడుగున ఉండే గుంతలోకి వాననీళ్ళు వచ్చి ఆగిపోయింది. ఎందుకు, పోలీసుల్ని పంపిస్తారా?”

“ఒకసారి పైన కిటికీ దగ్గరికి వెళ్ళండి.”

“వెళ్ళాను.”

“ఏం కనపడుతోంది?”

“నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు.”

“మీ కుర్చీ కాదండీ, మా కుర్చీ.”

పైన కిటికీలో ఒక నీడ ముందుకు వంగింది. ఆమె చెయ్యి ఎత్తి ఊపింది.

“నేను ఏ చెయ్యి ఎత్తాను?”

“కుడి.”

“ఆ చెయ్యి పెట్టుకోడానికి ఇక్కడ చోటు లేదు. అందుకే ఎత్తాను” అని టైప్ చేసి, దాని కింద ఇంకో మాట చేర్చింది. “నన్ను క్షమించండి.”

ఆ మాట పంపడం ఆమెకి అంత సులువు కాలేదు. పంపాక మాత్రం, చినుకులన్నీ తన కోసమే పడుతున్నంత హాయిగా అనిపించింది.

మేడమ్‌కి వెంటనే ఫోన్ చేసింది. అవతల డ్రాయింగ్ క్లాసులో లాగే గంభీరమైన గొంతు. “కుర్చీ ఉందంటే సరిపోదమ్మా. బొమ్మ గీసిన చోటి నుంచి ఫోటో కావాలి. అతను తీస్తే అతని మాటే అవుతుంది. రిపోర్ట్ కొట్టింది నువ్వు. నువ్వే వెళ్ళి, నీ కళ్ళతో చూసి, నువ్వే తియ్యి.”

“నేనే వెళ్ళాలా మేడమ్?”

“ఏం, కాళ్ళు లేవా?”

కాళ్ళు ఉన్నాయి గానీ, ఆ భవనానికి వెళ్ళాక అవి ఏడ్చాయి. లిఫ్ట్ తలుపుకి ‘రిపేరులో ఉంది’ అని బోర్డు వేలాడుతోంది.

“లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుంది?” అని మెట్ల దగ్గర నిలబడి మెసేజ్ పెట్టింది.

“మీరు పైకి వచ్చేశాక.”

పళ్ళు నూరుకుంటూ ఎక్కింది. ఎక్కుతూ ఉంటే మెట్లు కొత్తగా పుట్టుకొస్తూనే ఉన్నాయి. చిట్టచివర ఇనప తలుపు తెరిచి ఉంది. లోపల మోటారు, తాళ్ళు చుట్టుకున్న పెద్ద చక్రం, గ్రీజు వాసన. చేతిలో టార్చ్ పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, బుగ్గ మీద నల్లటి గ్రీజు మరక. చొక్కా జేబులోంచి టెస్టర్‌తో పాటు ఒక కుంచె కూడా తొంగి చూస్తోంది.

దొంగ ఇలా ఉంటాడని ఆమె ఊహించలేదు. అసలు మనిషి ఇలా ఉంటాడని కూడా ఊహించలేదు.

ఏదో అనబోయింది, ఊపిరి అందలేదు.

“ముందు ఊపిరి తీసుకోండి. తిట్లు ఎక్కడికీ పోవు” అని నీళ్ళ సీసా అందించాడు.

“నేను... తిట్టడానికి... రాలేదు.”

“తెలుసు. ఈసారి తిట్టాల్సింది నేను.”

“తిట్టండి.”

అతను ఆమె వంక చూశాడు. తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుంది. మెట్లెక్కిన ఆయాసానికి మొహం ఎర్రబడింది. అతను తిట్లన్నీ మర్చిపోయినట్టున్నాడు. “వాన తగ్గాక చూద్దాం” అన్నాడు.

పనిముట్ల సంచిలో స్పానర్ల పక్కనే రంగుల డబ్బా ఉంది. నూనె గుడ్డలో చుట్టిన కుంచెలు, రంగులు అంటుకున్న సీసా మూత. ఆ మూతలో నీళ్ళు పోసుకుని గీస్తాడట. మోటారు చల్లారే దాకా ఊరికే కూర్చోవాలి కాబట్టి ఆ కాసేపట్లో గీసుకుంటాడట. పని గురించి అడిగితే జంకు లేకుండా చెప్పాడు గానీ, బొమ్మల గురించి అడిగితే మాత్రం మాటలు తడబడ్డాయి.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది.

కింద తన ఇల్లు. ఇంత చిన్నదా? ఎంత బాగుంది! ఆరేసుకునే తాళ్ళు, అమ్మ పూలకుండీలు, మెట్ల దగ్గర తను పడేసి వచ్చిన దుప్పట్ల కుప్ప. డాబా మధ్యలో చినుకుల్లో తడుస్తూ ఒంటి చెయ్యి కుర్చీ. బొమ్మలో ఉన్నట్టే, అచ్చంగా అలాగే. రోజూ తను కూర్చునే చోటుని ఇంకెవరో ఇంత ప్రేమగా చూశారా అనుకుంటూ కిటికీలోంచి ఇంకాస్త ముందుకు వంగింది.

ఫోటో తీసింది. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

“ఒకటి అడగనా?” అంది వెనక్కి తిరగకుండానే. “నేను రోజూ అక్కడే కూర్చుంటాను. మీ బొమ్మలో కుర్చీ ఖాళీగా ఎందుకుంది?”

అడిగాక తిరిగి చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఎవరో ఒకటి రెండుసార్లు కనపడ్డారు. మనిషి ఉంటే నేను ఇటు తిరిగి పని చూసుకునేవాణ్ణి. అడక్కుండా ఒకరిని గీయడం కూడా...” అని కాస్త ఆగి, “అదీ దొంగతనమే కదండీ” అన్నాడు.

ఇతన్నా తను దొంగ అన్నది?

ఆ సాయంత్రమే మేడమ్ గ్రూపులో అందరి ముందూ స్వర్ణకుంచెని అడిగారు. “ఈ కుర్చీ ఎక్కడిదండీ?”

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. “మా తాతగారి పళ్ళ ఆస్పత్రిలోది మేడమ్. చిన్నప్పుడు దాని ఎడమ చెయ్యి నేనే విరగ్గొట్టాను. తాతయ్య జ్ఞాపకార్థం కళ్ళనీళ్ళతో గీశాను.”

కింద కన్నీళ్ళ బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. అప్పుడు ఆమె ఫోటో పెట్టి, గుండె దిటవు చేసుకుని రాసింది.

“ఇది మా డాబా. ఆ కుర్చీ మా బాబాయి కళ్ళజోళ్ళ షాపుది. విరిగింది కుడి చెయ్యి, విరగ్గొట్టింది మా బాబాయి. కాబట్టి తిరగేసిన బొమ్మ స్వర్ణకుంచె గారిది. అసలు బొమ్మ పిట్టగోడ గారిది. ఆయన్ని దొంగ అన్నది నేను. పొరబడ్డాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే క్షమాపణ అడుగుతున్నాను. ఇక మీదట రిపోర్టులు కొట్టే పని నాకు వద్దు.”

గ్రూపులో గోల మొదలైంది. “భూతద్దానికి కళ్ళజోడు కావాలి” అని ఒకరు. “బాబాయి షాపులో తగ్గించి ఇస్తారేమో అడగండి” అని ఇంకొకరు. ఆమెకి తల కొట్టేసినట్టయింది గానీ, ఆ మాటలన్నీ పడింది.

మేడమ్, స్వర్ణకుంచె పెట్టిన పాత బొమ్మల్ని ఒక్కొక్కటే తిప్పి చూడటం మొదలుపెట్టారు. తిప్పిన కొద్దీ “అయ్యో, అది నాదే!” అని ఎవరో ఒకరు కేక పెట్టారు. ఆ గోల సద్దుమణిగేలోపే స్వర్ణకుంచె తాతయ్యతో సహా మాయమైపోయాడు. పిట్టగోడ అకౌంటుకి తాళం ఊడింది.

మేడమ్ ఆమెకి ఫోన్ చేశారు. “పని మానేస్తానంటావేంటి? తప్పు తెలిసినవాళ్ళే జాగ్రత్తగా చూస్తారు. ఇక మీదట ప్రతి బొమ్మనీ ఒకసారి అద్దంలో కూడా చూడు, అంతే.”

అన్నీ సర్దుకున్నాయి. ఒక్కటి తప్ప. పిట్టగోడ గ్రూపులో “అందరికీ థ్యాంక్స్” అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. ఆమెకి విడిగా ఒక్క మెసేజ్ లేదు.

కోపం పోలేదేమో. పోకపోయినా న్యాయమే. అందరి ముందూ దొంగని చేస్తే ఎవరికి మాత్రం పోతుంది? తనే ముందు పలకరిద్దామంటే, ఏ మొహం పెట్టుకుని? రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చుని పైన కిటికీ వంక చూసేది. కిటికీ ఖాళీగా ఉండేది. వాన మాత్రం మానకుండా వచ్చేది. ఇన్నాళ్ళూ కుర్చీ ఎవరి కోసమో ఎదురుచూస్తోందనుకుంది, ఇప్పుడు ఆ పని తనకి వచ్చిపడింది.

అలా ఒక మధ్యాహ్నం షాపులో కూర్చుని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది. లోపలి గదిలో బాబాయి ఎవరికో కళ్ళు పరీక్షిస్తున్నాడు.

“ఈ అక్షరం ఏంటి బాబూ?”

“కనపడట్లేదండీ.”

“దీనికంటే పెద్దది?”

“అదీ కనపడట్లేదండీ.”

“పోనీ, ఈ పైన కుండంత ఉంది చూడు, ఇది?”

“అక్కడ బోర్డు కూడా ఉందాండీ?”

ఆ గొంతు ఆమెకి తెలుసు. చేతిలో గుడ్డ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

కొత్త కుర్చీలో ఒక కంటికి మూత పెట్టుకుని కూర్చున్నాడు పిట్టగోడ. బుగ్గ మీద గ్రీజు లేదు. శుభ్రంగా తల దువ్వుకుని వచ్చాడు. ఎదురుగా అద్దంలో ఆమె కనపడగానే మూత కిందకి దించాడు.

“అంత ఎత్తు నుంచి నేను ఏ చెయ్యి ఎత్తానో చెప్పారు. కుండంత అక్షరం కనపడలేదా?” అంది ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని.

అతను బిక్కమొహం వేశాడు.

బాబాయి ఒకసారి అతని వంక, ఒకసారి ఆమె వంక చూసి కర్ర పక్కన పెట్టేశాడు. “అమ్మడూ, ఈ అబ్బాయి కళ్ళకి ఏ లోపం లేదు. కాకపోతే చూపు ఒక్క వైపే పోతోంది. దానికి నా దగ్గర అద్దాలు లేవు. మీ అమ్మతో మాట్లాడాలి.”

“బాబాయ్!”

“నేను టీ తాగి వస్తా. షాపు జాగ్రత్త” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన బయటికి వెళ్ళి ఒక్క క్షణంలో తిరిగి తొంగిచూసి, “నెమ్మదిగా తాగుతా” అని కూడా చెప్పాడు.

ఆమె అతని చేతిలోంచి కంటి మూత లాక్కుంది.

“ఒక్క మెసేజ్ పెడితే వేళ్ళు అరిగిపోతాయా?” అంది.

“ఏం పెట్టాలో తెలీలేదండీ. అంత మంది ముందు మీరు నా కోసం మాట పడ్డారు. ‘థ్యాంక్స్’ అంటే చాలా చిన్నగా ఉంది. అంతకంటే పెద్దది రాస్తే...” అని ఆగిపోయాడు.

“రాస్తే?”

“మొత్తం రాసేస్తానేమోనని భయమేసింది.”

ఆమె కిందకి చూసింది. నవ్వు ఆగడం లేదు.

“కిటికీలో కూడా కనపడలేదు” అంది.

“ఆ లిఫ్ట్ పాడవట్లేదు. పాడైతే గానీ నాకు పైకి వెళ్ళే పనుండదు. అంత బాగా ఎందుకు రిపేర్ చేశానా అని రోజూ తిట్టుకుంటున్నాను.”

ఇక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. పకపకా నవ్వింది. కోపం ఉందనుకున్న మనిషి దగ్గర ఇంత బెంగ ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

తర్వాతి సెలవు రోజు సాయంత్రం అతను రంగుల డబ్బాతో వాళ్ళ డాబా మీదకి వచ్చాడు. అమ్మ అతన్ని కింద కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగింది. అతను తడబడుతూనే అన్నిటికీ నిజాలు చెప్పాడు. చివరికి అమ్మ, “మా పక్కింటివాళ్ళ లిఫ్ట్ కూడా ఒకసారి చూడు బాబూ” అనడంతో గండం గడిచిందని ఆమెకి అర్థమైంది.

వాన ఆగి ఉంది. ఆకాశం కడిగిన పలకలా తేటగా ఉంది. ఆమె కుర్చీలో కూర్చుంది. అతను బోర్లించిన బకెట్ మీద ఎదురుగా కూర్చున్నాడు.

“అడుగుతున్నాను” అన్నాడు. “గీయొచ్చా?”

“దేన్ని? కుర్చీనా?”

“కుర్చీని చాలాసార్లు గీశాను.”

ఆమె జుట్టు సవరించుకుంది. “గీయండి. కానీ ఒక షరతు. ముందు లిఫ్ట్‌లో అంటించకూడదు, గ్రూపులో పెట్టకూడదు. అందరికంటే ముందు నేను చూడాలి.”

“ముందు మీరే. ఎప్పుడూ మీరే.”

గీస్తున్నంతసేపూ అతను మాట్లాడలేదు. ఒకరి చూపు తన మీద ఇంత మర్యాదగా, ఇంత ఇష్టంగా వాలుతుంటే ఎలా ఉంటుందో ఆమెకి ఆ సాయంత్రమే తెలిసింది. బొమ్మలో ఆమె నవ్వుతోంది. కుర్చీ కూడా నవ్వుతున్నట్టే ఉంది. ఇన్నాళ్ళ ఎదురుచూపు దాని మొహంలో లేదు.

కాగితం తడిగా ఉంది. ఆరేదాకా ఆగాలి. అతను బకెట్ జరుపుకుని ఆమెకి కుడి పక్కన వచ్చి కూర్చున్నాడు.

“ఇంకొకటి కూడా అడగాలి” అన్నాడు మెల్లగా.

“అడుగు.”

‘మీరు’ పోయి వచ్చిన ఆ మాటకి అతను తలెత్తి చూశాడు. అతను ఏం అడగబోతున్నాడో ఆమెకి తెలుసు. అయినా అడిగించుకుంది.

“రోజూ ఇలా పక్కన కూర్చోనా? లిఫ్టులు బాగున్నా సరే?”

“లిఫ్టులు బాగున్నా సరే” అంది. “నువ్వంటే నాకు ఇష్టం. కిటికీలో నీడగా ఉన్నప్పటి నుంచీ.”

“నాకు ఖాళీ కుర్చీగా ఉన్నప్పటి నుంచీ” అన్నాడు అతను.

ఆమె వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఎడమ మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనింది. కుడి మోచెయ్యి అలవాటు చొప్పున ఆసరా కోసం చూసింది. ఈసారి గాల్లోకి జారలేదు. అతని భుజం మీద ఆగింది.

అంతలో కింద నుంచి బాబాయి కేక వినపడింది. “అమ్మడూ! వడ్రంగి వచ్చాడు. నేను విరగ్గొట్టిన కుర్చీకి కొత్త చెయ్యి పెట్టిస్తాను, పైకి పంపించనా?”

ఆమె కళ్ళు తెరవలేదు. మోచెయ్యి కూడా తియ్యలేదు.

“వద్దు బాబాయ్, వెనక్కి పంపించేయ్! అది అలాగే బాగుంది.”